ప్రెయిరీ పల్లె జనాభా చరిత్రను రాయడం ఎలా

కెనడా పశ్చిమాన ప్రెయిరీ అని పిలిచే గడ్డి మైదానాల్లో ఉన్న సస్కాచెవాన్ ప్రావిన్సులో రైలు పట్టాల వెంట సాగే రహదారి మీద ప్రయాణిస్తే, పది పదిహేను కిలోమీటర్లకొకసారి ఒక ఊరి పేరు రాసిన పలక ఎదురవుతుంది. పలక దాటాక ఇరవై ముప్పై ఇళ్లు, మూతపడిన బడి, ఒక సమావేశ మందిరం, చలికాలంలో మాత్రమే సందడి చేసే ఐస్ రింకు, ఊరికి కొంచెం ఎడంగా ఒక శ్మశానం ఉంటాయి. జనాభా లెక్కల పట్టికలో ఆ ఊరి పేరు పక్కన 35 అనో 60 అనో ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను తొంభై ఏళ్ల కిందటి అంకె పక్కన పెట్టి, తేడాను శాతంగా మార్చి, ఊరు అంతరించిపోతున్నదని తేల్చడానికి పది నిమిషాలు చాలు. ఊరికి నిజంగా ఏం జరిగిందో తెలుసుకుని రాయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలను ఎలా వినియోగించుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో ఉంచుకోవాలి. ఈ పల్లెల్లో చాలా భాగం జనం పెరిగి గుంపుకట్టగా వెలిసినవి కావు. చుట్టూ ఉన్న పొలాల గోధుమను రైలెక్కించడానికి, ఆ పొలాల వాళ్లకు ఉప్పూ పప్పూ, మేకులూ కిరోసినూ అమ్మడానికి రైలు కంపెనీలు కొలత ప్రకారం నాటినవి. కాబట్టి ఊరి హద్దు లోపల ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకు సమాధానం ఎప్పుడూ హద్దు బయటే మొదలవుతుంది.

మొదట ఊరు ఏదో తేల్చుకోండి

ఇది అనవసరమైన సలహాలా కనిపించవచ్చు గానీ, చాలా పొరపాట్లు ఇక్కడే పుడతాయి. సస్కాచెవాన్‌లో విలేజ్ అన్నది వాడుకమాట మాత్రమే కాదు, చట్టం ఇచ్చే హోదా. ఒక హామ్లెట్ (విలేజ్ కంటే చిన్న జనావాసం) విలేజ్ కావాలంటే చట్టం చెప్పిన కనీస జనాభా ఉండాలి; విలేజ్ టౌన్ కావాలంటే 500 మంది, టౌన్ సిటీ కావాలంటే 5,000 మంది ఉండాలి. అయితే ఒకసారి హోదా వచ్చాక జనాభా తగ్గినంత మాత్రాన అది దానంతట అది పోదు. అందువల్లనే వందలోపు జనంతో, సొంత మేయరు, సొంత కౌన్సిలు ఉన్న విలేజ్‌లు ఈ ప్రావిన్సులో చాలా కనిపిస్తాయి.

ఈ ఊర్ల చుట్టూ ఉన్న వ్యవసాయ భూమి వేరే పాలనా విభాగం కిందికి వస్తుంది. దానిని రూరల్ మునిసిపాలిటీ అంటారు. ప్రావిన్సు దక్షిణ భాగమంతటా ఇవి 296 ఉన్నాయి, ప్రతిదానికీ ఒక సంఖ్య ఉంటుంది. చాలాచోట్ల విలేజ్‌కూ దాని చుట్టూ ఉన్న రూరల్ మునిసిపాలిటీకీ ఒకే పేరు ఉండడం అసలు చిక్కు. ఉదాహరణకు ఎల్‌ఫ్రాస్ అన్న పేరుతో ఒక విలేజ్ ఉంది, 307వ నంబరు రూరల్ మునిసిపాలిటీ కూడా ఉంది. పట్టికలో పేరు ఒక్కటే చూసి అంకె దింపుకుంటే ఒక దశాబ్దంలో ఊరు మూడు రెట్లు పెరిగి, మరుసటి దశాబ్దంలో కుప్పకూలినట్టు కనిపిస్తుంది. నేను తయారుచేసుకున్న మొదటి పట్టికలో సరిగ్గా ఇదే జరిగింది. ఆ పెరుగుదలకు కారణం వెతుకుతూ రెండు రోజులు వృథా చేసుకున్నాక గాని, నేను చూస్తున్నది రెండు వేర్వేరు వరుసలని అర్థం కాలేదు.

పేరు మీద ఆధారపడకుండా ఉండాలంటే ఊరి భూమి చిరునామా రాసుకోవాలి. 1871లో మొదలైన డొమినియన్ సర్వే ఈ మైదానాలన్నిటినీ ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉండే టౌన్‌షిప్‌లుగా, ఒక్కో టౌన్‌షిప్‌ను 640 ఎకరాల సెక్షన్లు 36గా, ఒక్కో సెక్షన్‌ను 160 ఎకరాల పావు సెక్షన్లు నాలుగుగా కోసింది. సెక్షన్ సంఖ్య, టౌన్‌షిప్ సంఖ్య, రేంజ్ (టౌన్‌షిప్‌ల నిలువు వరుస) సంఖ్య, ఏ మెరిడియన్‌కు (సర్వేకు ఆధారమైన రేఖాంశానికి) పడమర అన్న నాలుగు వివరాలు తెలిస్తే, ఊరి పేరు ఎన్నిసార్లు మారినా దాన్ని తప్పకుండా పట్టుకోవచ్చు. పాత జనాభా లెక్కల కాగితాలు, భూమి దరఖాస్తులు, పాత పటాలు అన్నీ ఈ చిరునామాలోనే మాట్లాడతాయి. టౌన్‌షిప్‌లో 11, 29 సెక్షన్లు బడుల కోసం కేటాయించినవనీ, 8వ సెక్షను, 26వ సెక్షన్‌లో ఎక్కువ భాగం బొచ్చుతోళ్ల వ్యాపార సంస్థ హడ్సన్స్ బే కంపెనీవనీ గుర్తుంచుకుంటే, ఫలానా చోట మొదటి తరంలో ఇళ్లు ఎందుకు లేవో పటం చూడగానే తెలుస్తుంది.

అంకెల వరుస కట్టడం

ప్రెయిరీ ప్రావిన్సుల మీద పనిచేసేవారికి కెనడాలోని మిగతా ప్రాంతాల పరిశోధకులకు లేని అదృష్టం ఒకటి ఉంది. దేశమంతటా పదేళ్లకొకసారి లెక్క జరుగుతున్న రోజుల్లోనే, ఇక్కడికి జనం వరదలా వస్తున్నారన్న కారణంతో మధ్యలో మరో లెక్క తీశారు. 1906, 1916, 1926, 1936, 1946 సంవత్సరాల ప్రెయిరీ లెక్కలు అవే. 1956 నుంచి దేశమంతటా ఐదేళ్లకొకసారి లెక్క మొదలయింది. అందువల్ల 1901 నుంచి 2021 దాకా ఐదేళ్ల ఎడంతో తెగని వరుస కట్టుకోవచ్చు. ఊరికి విలేజ్ హోదా వచ్చిన సంవత్సరం నుంచి దాని అంకె విడిగా అచ్చవుతుంది. అంతకుముందు దాని జనం చుట్టుపక్కల విభాగంలో కలిసిపోయి ఉంటారు. వరుసలో మొదటి గడి ఖాళీగా ఉంటే అక్కడ ఎవరూ లేరని అర్థం కాదు.

వరుస కట్టాక పక్కన ప్రావిన్సు మొత్తం అంకెను కూడా పెట్టుకోవాలి. సస్కాచెవాన్ జనాభా 1901లో 91,279. 1911లో 4,92,432. 1931లో 9,21,785. 1936లో 9,31,547కు చేరి, అక్కడి నుంచి దిగజారి 1951లో 8,31,728 దగ్గర ఆగింది. 2021లో 11,32,505. మీ ఊరి గీత 1951 దాకా ప్రావిన్సు గీతతో కలిసి నడిచి, తర్వాత విడిపోయిందా, లేక 1921 నాటికే విడిపోయిందా అన్నది మొదటి ప్రశ్న. మొత్తం ప్రావిన్సే జనాన్ని పోగొట్టుకుంటున్న కాలంలో ఊరు తగ్గడానికీ, ప్రావిన్సు పెరుగుతుండగా ఊరు తగ్గడానికీ కారణాలు ఒకటి కావు.

ఇటీవలి అంకెలతో జాగ్రత్తగా ఉండాలి. వ్యక్తుల గోప్యత కోసం జాతీయ గణాంక సంస్థ స్టాటిస్టిక్స్ కెనడా వివరాల పట్టికల్లోని సంఖ్యలను 5 గుణిజాలకు యాదృచ్ఛికంగా పైకో కిందికో సవరిస్తుంది. అందుకే మగవారి సంఖ్య, ఆడవారి సంఖ్య కలిపితే మొత్తం రాకపోవచ్చు. అది అచ్చుతప్పు కాదు. 40 మంది కంటే తక్కువ ఉన్న ఊర్లకు వయసు, భాష, వృత్తి వంటి వివరాలు ఇవ్వడమే మానేస్తుంది. 2011లో తప్పనిసరి దీర్ఘ ప్రశ్నావళిని తీసేసి ఐచ్ఛిక సర్వే పెట్టినప్పుడు జవాబులు చాలక సస్కాచెవాన్‌లోని ఎన్నో చిన్న ఊర్ల వివరాలు ప్రచురణకే నోచుకోలేదు. ఆ ఏటి గడి ఖాళీగా వదిలేయడమే న్యాయం; ముందు వెనక అంకెల సగటు తీసి నింపకూడదు.

వంద లోపు జనం ఉన్న ఊరికి శాతాలు వాడకూడదన్నది నా గట్టి అభిప్రాయం. 40 మంది ఉన్న ఊరి నుంచి ఐదుగురు ఉన్న ఒక కుటుంబం వెళ్లిపోతే జనాభా 12.5 శాతం పడిపోయిందని రాయవచ్చు. లెక్క తప్పు కాదు, కానీ చదివేవారికి ఒక విపత్తు కళ్లకు కడుతుంది. ఒక కుటుంబం వెళ్లిందని రాస్తే సరిపోతుంది.

జనాభాతో పాటు ఇళ్ల సంఖ్యను కూడా దింపుకోండి. పట్టికలో మొత్తం ఇళ్లు, నిత్య నివాసులున్న ఇళ్లు అని రెండు వరుసలుంటాయి. రెండింటి మధ్య తేడా పెరుగుతూ ఉంటే ఇళ్లు ఖాళీ అవుతున్నట్టు కావచ్చు, లేదా వాటిని వేసవి విడిదిగానో వేట కాలపు మకాంగానో ఉంచుకున్నట్టు కావచ్చు. ఏది నిజమో పట్టిక చెప్పదు, ఊరు చెబుతుంది.

ఎలివేటర్ చుట్టూ ఒక వృత్తం గీయండి

ఈ పద్ధతి మొత్తానికి గుండెకాయ లాంటి పని ఇదే. రైలు కంపెనీలు స్టేషన్లను ఏడు నుంచి పది మైళ్ల ఎడంతో పెట్టడానికి కారణం గుర్రబ్బండి. ధాన్యం నింపిన బండితో రైతు పొద్దున బయలుదేరి, ఎలివేటర్ (ధాన్యాన్ని నిల్వ చేసి రైలుకెక్కించే ఎత్తైన గోదాము) దగ్గర దింపి, చీకటి పడేలోగా ఇంటికి చేరగలగాలి. కాబట్టి ఊరి ఎలివేటర్ స్థలం కేంద్రంగా ఐదు మైళ్ల వ్యాసార్థంతో పటం మీద ఒక వృత్తం గీయండి. అది ఆ ఊరి అసలు పరిధి, అందులోని వాళ్లే ఆ ఊరి అసలు జనాభా.

ఆ వృత్తం వైశాల్యం సుమారు 78.5 చదరపు మైళ్లు, అంటే దాదాపు 50,240 ఎకరాలు. 1936లో సస్కాచెవాన్‌లో 1,42,391 వ్యవసాయ క్షేత్రాలు ఉండేవి. అంతకు మించిన సంఖ్య ముందూ లేదు, తర్వాతా లేదు. సగటు క్షేత్రం 400 ఎకరాలు. ఆ లెక్కన వృత్తంలో 125 క్షేత్రాలు పడతాయి. 2021 నాటికి ప్రావిన్సులో మిగిలినవి 34,128 క్షేత్రాలు, సగటు 1,766 ఎకరాలు. ఇప్పుడు అదే వృత్తంలో 28 మాత్రమే పడతాయి. 1936లో ఇంటికి ఐదుగురు, 2021లో ఇంటికి ముగ్గురు అని ఊహించుకుంటే 625 మంది ఉన్న చోట 84 మంది మిగులుతారు. భూమిలో ఒక్క ఎకరం తగ్గలేదు. పంట తగ్గకపోగా పెరిగింది. ట్రాక్టరు, కంబైన్, ఆ తర్వాత ఇంకా పెద్ద కంబైన్ వచ్చాక అదే భూమికి అంతమంది మనుషులు అక్కరలేకపోయారు. ఊళ్లోని కిరాణా కొట్టు, కమ్మరి కొలిమి, బ్యాంకు శాఖ ఆ 625 మంది మీద బతికినవి. ఊరి అంకె ఈ వృత్తపు అంకెకు నీడ వంటిది.

ఇది అంచనా మాత్రమేనని గుర్తుంచుకుని, దాన్ని మీ ఊరికి సరిదిద్దుకోవాలి. పట్టాల వెంట పక్క స్టేషను ఎనిమిది మైళ్లలోనే ఉంటే రెండు వృత్తాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, ఆ మధ్య ఉన్న రైతులను రెండుసార్లు లెక్కపెట్టకూడదు. వృత్తంలో చెరువులు, ఉప్పు నేలలు, ఇసుక గుట్టలు ఉంటే క్షేత్రాలు తగ్గుతాయి. పాలిసర్ త్రిభుజం అని పిలిచే దక్షిణ పొడి నేలల్లో సగటు కంటే పెద్ద క్షేత్రాలు, పలచని జనం మొదటి నుంచీ ఉన్నారు. రూరల్ మునిసిపాలిటీ జనాభా వరుసను దీని పక్కన పెట్టి చూస్తే అంచనా ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. సాధారణంగా ఒక రూరల్ మునిసిపాలిటీ తొమ్మిది టౌన్‌షిప్‌లు, అంటే 324 చదరపు మైళ్లు ఉంటుంది. మీ వృత్తం అందులో నాలుగో వంతు.

ఎలివేటర్ల సంఖ్య కూడా మంచి కొలమానం. ధాన్యం కమిషన్ ఏటా స్టేషన్ల వారీగా ఎలివేటర్ల జాబితాను, వాటి సామర్థ్యాన్ని ప్రచురిస్తూ వచ్చింది. ఒక ఊరికి 1920లలో ఐదు ఎలివేటర్లు ఉండి 1970లలో రెండే మిగిలితే, ఆ ఊరి పరిధి ఎప్పుడు కుంచించుకుపోయిందో జనాభా పట్టిక కంటే ముందే తెలిసిపోతుంది. రైతుల సహకార సంస్థ సస్కాచెవాన్ వీట్ పూల్ 1924లో మొదలయ్యాక చాలా ఊర్లలో పాత ప్రైవేటు కంపెనీల ఎలివేటర్లు చేతులు మారాయి, కాబట్టి జాబితాలో యజమాని పేరు మారినంత మాత్రాన కట్టడం పోయిందని అనుకోవద్దు.

మనుషుల పేర్లు దొరికే కాగితాలు

అంకెల వెనక ఉన్న మనుషులను చూడాలంటే జనాభా లెక్కల అసలు షెడ్యూళ్లు, అంటే గణకులు ఇంటింటా నింపిన కాగితాలు చదవాలి. కెనడాలో ఇవి 92 ఏళ్లు గడిచాక బహిరంగమవుతాయి. 1921 నాటివి 2013లో, 1931 నాటివి 2023 జూన్ 1న విడుదలయ్యాయి. లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా వాటిని ఉచితంగా చూపిస్తుంది. పేరు వెతుకులాట మీద ఆధారపడకండి, ఎందుకంటే ఉక్రేనియన్, హంగేరియన్ పేర్లను ఆనాటి గణకులు చెవికి వినిపించినట్టు రాసుకున్నారు. ఊరి పుటలు ఎక్కడున్నాయో కనుక్కుని మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదవడమే ఉత్తమం. చిన్న ఊరు కనుక రెండు మూడు సాయంత్రాల పని.

ఇలా చదువుతున్నప్పుడు ఊరు ఇల్లిల్లుగా కళ్ల ముందు నిలబడుతుంది. స్టేషన్ ఏజెంటు, పట్టాల మరమ్మతు చూసే ఫోర్‌మన్, ఇద్దరు ముగ్గురు ఎలివేటర్ ఏజెంట్లు, కలప అమ్మేవాడు, గుర్రాల సాలను నడిపేవాడు, ఎవరి ఇంట్లోనో అద్దెకు ఉండే పెళ్లికాని పంతులమ్మ, బ్యాంకు గుమాస్తా కనిపిస్తారు. ఇల్లు సొంతమా అద్దెదా, ఎన్ని గదులు, చెక్కదా ఇటుకదా అన్నది 1921 కాగితాలు చెబుతాయి. 1906 ప్రెయిరీ లెక్కలో గుర్రాలు, పాడి ఆవులు, పందుల సంఖ్య ఉంటుంది. 1931లో ఇంట్లో రేడియో ఉన్నదా అని కూడా అడిగారు.

చాలా ఊర్లలో ఒక వరుస దగ్గర కాసేపు ఆగవలసి వస్తుంది. చైనాలో పుట్టిన ఒక మగవాడు, వివాహితుడు, భార్యాపిల్లలు ఆ ఇంట్లో ఎక్కడా లేరు, వృత్తి కెఫే లేదా లాండ్రీ. చైనా నుంచి వచ్చేవారి మీద 1903 నుంచి తలకు 500 డాలర్ల పన్ను ఉండేది. 1923 నుంచి 1947 దాకా వారి రాకనే దాదాపు పూర్తిగా నిషేధించారు. చైనీయుల వ్యాపారాల్లో తెల్లజాతి స్త్రీలను పనికి పెట్టుకోకూడదని సస్కాచెవాన్ 1912లో చట్టం కూడా చేసింది. జనాభా పట్టికలో అతడు ఒక్క అంకె. అతని కుటుంబం అక్కడ లేకపోవడానికి ఊరి కారణం ఏదీ లేదు, దేశ చట్టమే కారణం. ఊరి చరిత్ర రాసేవారు ఈ తేడాను తప్పక చూపించాలి.

షెడ్యూళ్లకు తోడు మరికొన్ని కాగితాలున్నాయి. హోమ్‌స్టెడ్ (సాగు కోసం ప్రభుత్వం ఇచ్చిన భూమి) దస్త్రాలు ప్రావిన్సు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పది డాలర్ల రుసుముతో 160 ఎకరాలు తీసుకున్న వ్యక్తి, మూడేళ్లలో ఎన్ని ఎకరాలు దున్నాడో, ఎలాంటి ఇల్లు కట్టాడో, ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో పట్టా కోసం ప్రమాణపూర్వకంగా చెప్పిన మాటలు అందులో ఉంటాయి. వదిలేసి వెళ్లినవారి దస్త్రాలు కూడా ఉంటాయి, అవే ఎక్కువ విలువైనవని నా భావన, ఎందుకంటే వెళ్లిపోయినవారి గురించి ఊరి పుస్తకాలు మాట్లాడవు. పోస్టాఫీసు ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో, పోస్ట్‌మాస్టర్లు ఎవరో చెప్పే జాబితా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంది. ప్రావిన్సు 75 ఏళ్ల ఉత్సవం జరిగిన 1980 ప్రాంతంలో వందల ఊర్లు తమ చరిత్ర పుస్తకాలను తామే రాసి అచ్చు వేయించుకున్నాయి. ఇవి కుటుంబాలు పంపిన వ్యాసాల సంపుటాలు. తేదీల విషయంలో వాటిని గుడ్డిగా నమ్మకూడదు గానీ, ఎవరు ఎక్కడికి వెళ్లిపోయారన్నది వాటిలో ఉన్నంతగా మరెక్కడా ఉండదు.

లెక్కలో పడనివారు

జనాభా లెక్క జూన్‌లోనో మే నెలలోనో జరుగుతుంది. 1890ల నుంచి 1920ల చివరి దాకా ప్రతి ఆగస్టులో తూర్పు కెనడా నుంచి ప్రత్యేక రైళ్లలో వేలమంది కోతల కూలీలు వచ్చి, పంట నూర్చాక వెళ్లిపోయేవారు. ఊరి హోటలు, కెఫే ఆ రెండు నెలల ఆదాయంతో ఏడాది గడిపిన సందర్భాలుంటాయి. ఆ మనుషులు ఏ పుటలోనూ కనిపించరు.

అంతకంటే ముఖ్యమైన లోపం మరొకటి. ఈ భూమి ఖాళీగా ఉండి, జనం వచ్చి నిండినది కాదు. 1874 నాటి నాలుగవ ఒడంబడిక, 1876 నాటి ఆరవ ఒడంబడిక ద్వారా ఇక్కడి క్రీ, సోటో, అసినిబోయిన్ ఆదివాసీ జాతులతో ప్రభుత్వం ఒప్పందాలు చేసుకుని, వారిని రిజర్వులకు (వారికి కేటాయించిన ప్రాంతాలకు) పరిమితం చేశాకే సర్వే గీతల మధ్య హోమ్‌స్టెడ్లు ఇచ్చారు. రిజర్వు జనాభాను పట్టిక విడి వరుసలో చూపిస్తుంది. ఊరి కొట్టుకు సరుకుల కోసం వచ్చేవారు వారే అయినా ఊరి అంకెలో వారు ఉండరు. భూమి దక్కని మేటీ (ఆదివాసీ, ఐరోపా మిశ్రమ సంతతి) కుటుంబాలు సెక్షన్ల మధ్య రోడ్డు కోసం విడిచిన పట్టీల మీద గుడిసెలు వేసుకుని దశాబ్దాల పాటు బతికాయి. మీ వృత్తం లోపల అలాంటి పట్టీ వాసులు ఉండేవారా అని పెద్దవాళ్లను, చుట్టుపక్కల మేటీ సంఘాలను అడగాలి. మొదటి అంకెను సున్నా నుంచి మొదలుపెడితే చరిత్ర మొదటి వాక్యంలోనే తప్పుతుంది.

నేటి లెక్కకూ ఒక నియమం ఉంది. మనిషిని నిత్యం నివసించే చోటే లెక్కిస్తారు. ఊళ్లో యాభై ఏళ్లు ఉండి, పక్క పట్టణంలోని వృద్ధుల సంరక్షణ గృహానికి మారిన అవ్వ ఇప్పుడు ఆ పట్టణం లెక్కలో ఉంటుంది. నగరంలో చదువుకుంటూ సెలవులకు ఇంటికి వచ్చే విద్యార్థి తల్లిదండ్రుల ఇంటి లెక్కలోనే ఉంటాడు. ఊరి అంకె తగ్గడంలో మరణాల వాటా ఎంత, వలసల వాటా ఎంత, కేవలం ఇలా చిరునామా మారడం వాటా ఎంత అన్నది శ్మశానపు రాళ్ల మీది తేదీలను, ఊరి పెద్దల మాటను కలిపి చూస్తేనే అంచనా వేయగలం. సస్కాచెవాన్ వంశచరిత్ర సంఘం శ్మశానాల సూచికలు తయారుచేసింది. ప్రావిన్సు ఆరోగ్య శాఖ బీమా కార్డుల ఆధారంగా ఏటా ఊర్ల వారీ సంఖ్యలు ఇస్తుంది. చిరునామా మార్చుకోనివారు అందులో పాత ఊళ్లోనే ఉండిపోతారు కనుక దాన్ని జనగణన వరుసలో కలపకుండా పక్క వరుసగా ఉంచుకోవాలి.

విలేజ్ హోదా వదులుకుని రూరల్ మునిసిపాలిటీలో కలిసిపోయిన ఊర్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఊరి వరుస హఠాత్తుగా ఆగిపోతుంది, మునిసిపాలిటీ జనాభా హఠాత్తుగా కొంచెం పెరుగుతుంది. ఒక్క మనిషి కూడా కదలలేదు. పట్టికల్లో సరిహద్దు మార్పును తెలిపే గుర్తు ఉంటుంది; దాన్ని వదలకుండా రాసుకోండి.

కారణాలను తేదీలతో సరిపోల్చడం

ఇప్పుడు మీ దగ్గర ఊరి వరుస, ప్రావిన్సు వరుస, వృత్తపు అంచనా ఉన్నాయి. వాటి కింద సంఘటనల వరుస ఒకటి గీయాలి. 1930ల కరువు, 1935లో ప్రెయిరీ వ్యవసాయ పునరుద్ధరణ సంస్థ ఏర్పాటు, 1944లో ఒంటిగది బడులను పెద్ద యూనిట్లలో కలిపే చట్టం, యుద్ధానంతరం యంత్రాల వ్యాప్తి, 1993లో 52 చిన్న గ్రామీణ ఆసుపత్రులను ఆసుపత్రులుగా నిలిపివేయడం, ధాన్యం రవాణా చార్జీలను తక్కువగా ఉంచిన క్రో ఒప్పందపు రాయితీకి 1995లో ముగింపు. 1897 నాటి ఆ ఒప్పందపు చార్జీ ఉన్నంత కాలం చిన్న బ్రాంచి లైను చివరి ఊరి నుంచి ధాన్యం పంపడం కూడా రైతుకు గిట్టేది. అది పోయాక బ్రాంచి లైన్లు మూతపడడం, చెక్క ఎలివేటర్లను కూల్చి దూరదూరంగా కాంక్రీటు టెర్మినళ్లు కట్టడం వేగం అందుకున్నాయి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఎలివేటర్ కూలిన ఫొటో మనసును కలచివేస్తుంది కనుక, ఊరు పోవడానికి అదే కారణమని రాసేస్తారు. తేదీలు చూడండి. అనేక ఊర్లలో జనాభాలో పెద్ద తగ్గుదల 1941కీ 1971కీ మధ్యే జరిగిపోయి ఉంటుంది, ఎలివేటర్ 1990ల చివర కూలి ఉంటుంది. అంటే అది ఫలితమే గాని కారణం కాదు. మరికొన్ని ఊర్లలో బడి మూసిన తర్వాతి ఐదేళ్లలో పిల్లలున్న కుటుంబాలు మాత్రమే తగ్గి, ముసలివాళ్లు అలాగే ఉంటారు. వయసుల పట్టిక దొరికితే ఈ తేడా తేటగా కనిపిస్తుంది. రైతులు పొలాన్ని కొడుక్కి అప్పగించి ఊళ్లో ఇల్లు కట్టుకుని విశ్రాంతి తీసుకునే కాలంలో కొన్ని పల్లెలు పెరిగాయి కూడా. చుట్టూ పొలాలు ఖాళీ అవుతుండగా ఊరి అంకె పెరగడం చూసి కంగారుపడనక్కరలేదు.

పోలిక కోసం ఒకే రైలు మార్గం మీది ఊర్లను తీసుకోవడం మంచిది. గ్రాండ్ ట్రంక్ పసిఫిక్ కంపెనీ తన ప్రధాన మార్గం మీద స్టేషన్లకు ఇంగ్లీషు అక్షరమాల వరుసలో పేర్లు పెట్టింది. ఫెన్‌వుడ్, గూడీవ్, హబ్బర్డ్, ఇటూనా, జాస్మిన్, కెల్లిహర్ అని మొదలై క్వింటన్, రేమోర్, సీమన్స్, టేట్, అండోరా, వెన్, వాట్రస్, జీనా (ఇంగ్లీషులో ఎక్స్‌తో మొదలవుతుంది), యంగ్, జెల్మా దాకా వచ్చి, మళ్లీ అలన్, బ్రాడ్‌వెల్, క్లావెట్ అని మొదటి అక్షరానికి తిరిగింది. మార్గం ఒకటే, కంపెనీ ఒకటే, పుట్టిన కాలం దాదాపు ఒకటే. వాట్రస్ రైలు సిబ్బంది మారే డివిజన్ కేంద్రం కావడం, పక్కనే ఉప్పునీటి సరస్సు విహారస్థలం ఉండడం వల్ల టౌన్‌గా నిలిచింది. దాని పక్క స్టేషన్ జీనా దాదాపు పేరుగానే మిగిలింది. అలన్ దగ్గర పొటాష్ గని వచ్చింది. క్లావెట్ సస్కటూన్‌కు దగ్గర కావడంతో నగరంలో పనిచేసేవారి నివాసంగా మారింది. ఇంకొంచెం తూర్పున అదే మార్గం మీది బాంగర్‌కు 1902లో వచ్చిన వెల్ష్ కుటుంబాలు వేల్స్ నుంచి నేరుగా రాలేదు, దక్షిణ అమెరికాలోని పటగోనియా నుంచి వచ్చాయి. మీ ఊరికి ఇలాంటి అదనపు ఆధారం ఏదైనా ఉందా, లేక గోధుమ ఒక్కటేనా అని అడిగితే సగం సమాధానం దొరికినట్టే.

ఊరికి వెళ్లడం, రాయడం

కాగితాల పని ముగిశాక ఊరికి వెళ్లాలి. విలేజ్ కార్యాలయం చాలాచోట్ల వారానికి ఒకటి రెండు రోజులే తెరిచి ఉంటుంది, ఒకే అధికారి రెండు మూడు ఊర్ల పని చూడడం కూడా మామూలే. కాబట్టి ముందుగా ఫోన్ చేసి వెళ్లండి. విత్తనాల కాలంలో, కోతల కాలంలో ఎవరికీ తీరిక ఉండదు. ఊళ్లో నడుస్తూ రాత్రి దీపం వెలిగే ఇళ్లు, కోసిన గడ్డి, మంచు తీసిన దారులు లెక్కపెట్టుకుంటే నిత్య నివాసులున్న ఇళ్ల సంఖ్యకు మీ సొంత అంచనా వస్తుంది. ఐస్ రింకును, సమావేశ మందిరాన్ని ఎవరు నడుపుతున్నారని అడగండి. వారిలో ఎక్కువమంది ఊరి హద్దు బయట పొలాల్లో ఉండేవారే అయితే, మీరు గీసిన వృత్తం ఇంకా బతికే ఉందని అర్థం.

ఊరివాళ్లతో జనాభా ప్రస్తావన తెచ్చేటప్పుడు అది వారికి డబ్బుతో ముడిపడిన విషయమని గుర్తుంచుకోవాలి. ప్రావిన్సు తన అమ్మకపు పన్ను రాబడిలో కొంత భాగాన్ని విలేజ్‌లకు తలల లెక్కన పంచుతుంది, ఆ తలల సంఖ్య జనగణన నుంచే వస్తుంది. గణన రోజున రెండు కుటుంబాలు ఊళ్లో లేకపోతే ఆ నష్టం ఐదేళ్లు మోయాలి. అందుకే చాలామంది అధికారిక అంకెతో విభేదిస్తారు, తమ వేళ్ల మీద ఇల్లిల్లూ లెక్కపెట్టి చూపిస్తారు. ఆ లెక్కను కూడా తేదీతో సహా రాసుకోండి. 40 మంది ఉన్న ఊళ్లో ఎనభై ఏళ్ల ఒంటరి స్త్రీ అని రాస్తే పేరు రాసినట్టే అవుతుంది కనుక, బతికున్నవారి వివరాలను వారి అనుమతి లేకుండా అచ్చు వేయకూడదు.

చివరికి రాసేటప్పుడు ప్రతి అంకె పక్కన నాలుగు విషయాలు ఉండేట్టు చూసుకోండి: ఏ సంవత్సరపు లెక్క, ఏ హద్దు లోపల, విలేజ్‌దా రూరల్ మునిసిపాలిటీదా, సవరించిన అంకెనా కాదా. వృత్తపు అంచనాను పట్టికలో కలపకుండా వేరే పేరాలో, అది అంచనా అని చెప్పి రాయండి. ముసాయిదా పూర్తయ్యాక ఒక ప్రతిని విలేజ్ కార్యాలయానికి పంపి, నెల రోజులు గడువు ఇవ్వండి. ఏ ఇల్లు ఏ ఏడు ఖాళీ అయిందో, అందులో ఉన్నవారు ఎక్కడికి వెళ్లారో పెన్సిలుతో అంచుల్లో రాసి తిప్పి పంపేవారు కనీసం ఒకరైనా ఉంటారు.